ఫణిగిరి గుట్టమీద సీసపు నాణేలెందుకు? ఒక బౌద్ధ ఆరామం బతికిన తీరు

సంక్షిప్తంగా: సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్టమీది బౌద్ధ ఆరామం క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి సుమారు నాలుగు వందల ఏళ్లు నడిచింది. కింది ఊరు పెట్టిన భిక్ష, పక్కన పారే వాగు, కృష్ణా లోయకు పోయే బాట, దానం చేసిన మామూలు మనుషులు దాన్ని అంతకాలం నిలబెట్టారు. 2024లో అక్కడ దొరికిన 3,730 సీసపు నాణేలను ఈ లెక్కలోనే చూడాలి. అమరావతి స్తూపం చెల్లాచెదురైంది, నాగార్జునకొండ లోయ నీట మునిగింది. ఫణిగిరి మాత్రం ఇంకా తన చోటనే ఉంది. దొరికిన వస్తువుకూ దొరికిన చోటుకూ ఉన్న సంబంధాన్ని ఎలా కాపాడతారన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం.

2024 మార్చి 29న ఫణిగిరి తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. దాని నిండా నాణేలు. ఆ వార్త రాగానే జనం మాటల్లో అది 'నిధి' అయిపోయింది. బంగారమా, వెండా, ఎవరు దాచారు, ఇంకా ఎంత ఉంది అన్న ప్రశ్నలు ముందుకొచ్చాయి. అన్నీ వదిలిపెట్టిన భిక్షువులు ఉండే చోట అంత డబ్బు ఎందుకుందన్న అసలు ప్రశ్న మాత్రం వెనకబడింది. ఆ ప్రశ్నకు జవాబు వెతికితే గుట్టమీది ఆరామం ఎలా బతికిందో, ఎందుకు ఖాళీ అయిందో కూడా కొంతవరకు తెలుస్తుంది.

## ఊరెక్కడ, గుట్టెక్కడ

ముందుగా చిరునామా గందరగోళం తీర్చుకోవాలి. పాత పుస్తకాల్లో, తవ్వకాల కాగితాల్లో ఫణిగిరి నల్గొండ జిల్లా, తిరుమలగిరి మండలంలో ఉంటుంది. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగాక అదే ఊరు సూర్యాపేట జిల్లా, నాగారం మండలంలోకి వచ్చింది. రెండు పేర్లూ ఒకే చోటివి. హైదరాబాద్ నుంచి సుమారు 110 కిలోమీటర్లు. మూసీలో కలిసే బిక్కేరు వాగు ఎడమ గట్టు వైపు ఈ ఊరు ఉంటుంది.

ఫణిగిరిని 'గుట్టమీది ప్రాచీన గ్రామం' అంటుంటారు. ఇందులో చిన్న సవరణ అవసరం. గుట్టమీద ఉన్నది భిక్షువుల ఆరామం. మామూలు జనం, అంటే రైతులు, కుమ్మరులు, వ్యాపారులు ఉండాల్సింది కింద. పైనా కిందా రెండూ కలిస్తేనే ఫణిగిరి. ఈ సంగతి మరిచిపోతే పైనున్న శిథిలాలు ఎవరితోనూ సంబంధం లేని ఒంటరి కట్టడాల్లా కనిపిస్తాయి.

గుట్టమీద దాదాపు 16 ఎకరాల్లో కట్టడాల ఆనవాళ్లు ఉన్నాయి. మహాస్తూపం, అర్ధవృత్తాకారపు వెనుక గోడ ఉన్న చైత్యగృహాలు (పూజా మందిరాలు), చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు, భిక్షువులు ఉండే గదుల వరసలు, స్తంభాల మండపాలు, వేర్వేరు ఎత్తుల్లో రాతిమెట్లు. నిజాం కాలంలో 1941-44 మధ్య ఖాజా మహమ్మద్ అహ్మద్ ఆధ్వర్యంలో ఇక్కడ మొదట పని జరిగింది. తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ 2001లో రాష్ట్ర పురావస్తు శాఖ మొదలుపెట్టి 2007 దాకా తవ్వింది. ఆ తర్వాత కూడా విడతలు విడతలుగా పని సాగింది. 2019లో సుమారు 1.73 మీటర్ల ఎత్తున్న గచ్చు బోధిసత్వ విగ్రహం బయటపడింది. ఇటుక మీద సున్నపు గచ్చుతో దిద్దిన ఈ రకం బొమ్మలు వానకు, ఎండకు ఇట్టే రాలిపోతాయి. నిలువెత్తు విగ్రహం మట్టి కింద అంతకాలం మిగిలి ఉండటం చాలా అరుదు.

## గుట్టనే ఎందుకు ఎంచుకున్నారు

దక్షిణ తెలంగాణలో గుట్ట అనగానే కోట గుర్తుకొస్తుంది. భువనగిరి ఏకశిల, రాచకొండ, దేవరకొండ అన్నీ రాజ్యరక్షణ కోసం ఎంచుకున్న చోట్లే. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదుగా త్రిభువనగిరి అయిన భువనగిరి బండ దాదాపు 500 అడుగుల ఎత్తు ఉంటుంది. రాచకొండలో రేచర్ల పద్మనాయకులు గుట్టల వరసనే ప్రాకారంగా వాడుకున్నారు. ఈ కోటల్లో దారి ఇరుకుగా ఉంటుంది, మలుపులు తిరుగుతుంది, అడుగడుగునా ద్వారం అడ్డొస్తుంది. పైకి ఎక్కేవాణ్ణి ఆపడమే వాటి లెక్క.

ఆరామం లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. జనం పైకి రావాలి. భిక్షువులు రోజూ కిందికి దిగాలి. బౌద్ధ వినయ నియమాల్లో విహారం ఎలాంటి చోట ఉండాలో చెప్పారు. ఊరికి మరీ దూరం ఉండకూడదు, మరీ దగ్గరా ఉండకూడదు. రాకపోకలకు వీలుండాలి. పగలు రద్దీ, రాత్రి సద్దు ఉండకూడదు. భిక్షువు మధ్యాహ్నం దాటాక భోజనం చేయకూడదు. తెచ్చుకున్న భిక్ష ఆ పూటకే. అంటే పొద్దున లేచి ఊళ్లోకి నడిచి, ఇల్లిల్లూ తిరిగి, ఎండ ముదరకముందే వెనక్కి చేరాలి. ఈ ఒక్క నియమమే ఆరామానికీ ఊరికీ మధ్య దూరాన్ని తేల్చేస్తుంది. ఎత్తు తక్కువున్న గుట్ట, దాని పాదంలో ఊరు ఉంటే ఈ కొలత సరిగ్గా సరిపోతుంది.

వానాకాలం ఇంకో కారణం. భిక్షువులు ఏడాదంతా తిరుగుతూ ఉన్నా వానల మూడు నెలలు ఒకేచోట ఉండాలి. దాన్ని వర్షావాసం అంటారు. ఆ మూడు నెలలకు గట్టి కప్పు, పొడి నేల, గది గదికీ విడివిడి గోడ కావాలి. వాగు పక్కన పల్లంలో కడితే వరద భయం. రేగడి నేలలో పునాది కుంగుతుంది. గుట్టమీద బండే పునాది. పైన పడ్డ వాన ఏటవాలుగా జారిపోతుంది. సాగుకు పనికొచ్చే ఒక్క చెలక కూడా పోదు. విశాఖ తీరంలోని బావికొండ, తొట్లకొండల మీద ఆరామాలు కట్టినవాళ్లూ ఇదే లెక్క వేసుకున్నట్టుంది.

ఫణిగిరి ఒక్కటే ఉండి ఉంటే ఇదంతా యాదృచ్ఛికం అనుకోవచ్చు. కానీ చుట్టుపక్కల వర్ధమానుకోట, గాజులబండ, తిరుమలగిరి, నాగారం, అర్లగడ్డగూడెం లాంటి చోట్ల కూడా బౌద్ధ ఆనవాళ్లు ఉన్నాయి. ఇన్ని ఇంత దగ్గర దగ్గరగా రావాలంటే అటుగా మనుషులూ సరుకులూ నిత్యం కదులుతుండాలి. దక్కన్ పడమటి తీరాన్ని తూర్పు తీరంతో కలిపే పాత వ్యాపార మార్గం ఈ ప్రాంతం మీదుగా పోయేదని పురావస్తు పరిశోధకులు చెబుతారు. బండ్లు ఆగే చోట నీళ్లు కావాలి, నీడ కావాలి, నమ్మకంగా సరుకు దించుకునే ఊరు కావాలి. బిక్కేరు వాగు, గుట్ట, ఊరు మూడూ ఇక్కడ ఒకేచోట కలిశాయి.

## శిల్పాల రాయి ఏ దారిన వచ్చింది

బాట ఉందనడానికి గట్టి సాక్ష్యం శిల్పాల్లోనే ఉంది. ఫణిగిరి గుట్ట మన దగ్గర ఎక్కడ చూసినా కనిపించే నల్లరాతి బండ, గ్రానైటు జాతిది. అక్కడి శిల్పాలు మాత్రం సున్నపురాయివి. సున్నపురాయి మెత్తన, ఉలికి సన్నటి గీత పడుతుంది. నగల పూసలు, వస్త్రం మడతలు, ఏనుగు చెవి ముడతలు చెక్కాలంటే అదే కావాలి. కానీ ఆ రాయి ఫణిగిరి గుట్టలో లేదు. దాని పొరలు దక్షిణాన కృష్ణ ఒడ్డున హుజూర్‌నగర్, మట్టపల్లి నుంచి పల్నాడు దాకా ఉన్నాయి. ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నది ఆ పొరల మీదే.

అక్కడి నుంచి ఫణిగిరికి నేరుగా కొలిచినా 60, 70 కిలోమీటర్లు తగ్గదు. ఒక ఘనపు మీటరు సున్నపురాయి రెండున్నర టన్నులకు పైగా తూగుతుంది. అలాంటి దిమ్మెలను ఎడ్లబండ్ల మీద వాగులు దాటించి, చివరికి గుట్టమీదికి ఎక్కించారు. బండ్లకు దారి, ఎడ్లకు మేత, కూలీలకు తిండి, శిల్పులకు నెలల తరబడి పోషణ లేకుండా ఇది జరిగేది కాదు. ఇందులో ఏదీ భిక్షువుల చేతిలో ఉండేది కాదు. ఊరి జనం, బాట మీద తిరిగే వ్యాపారులు, దానం చేసే కుటుంబాలు ఆ బరువు మోశాయి.

ఆ రాతిలో చెక్కినవాటిలో అన్నిటికంటే పేరొచ్చింది తోరణం. స్తూపం ఆవరణలోకి వెళ్లే ద్వారం పైన అడ్డంగా నిలిపే దూలాలు ఇవి. వాటి మీద బుద్ధుడి జీవిత ఘట్టాలూ, ఆయన పూర్వజన్మల జాతక కథలూ వరసగా సాగుతాయి. కొయ్యతో ద్వారం కట్టే పద్ధతినే రాతిలోకి దించారు. తోరణం అనగానే అందరికీ సాంచి గుర్తుకొస్తుంది. కృష్ణా లోయ స్తూపాల దగ్గర ఆ తరహా రాతి తోరణాలు చాలా అరుదు. అక్కడ నాలుగు దిక్కులా ముందుకు వచ్చే వేదికలు, వాటి మీద నిలువు ఆయక స్తంభాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఫణిగిరిలో కృష్ణా లోయ రాయి, కృష్ణా లోయ ఉలి, ఉత్తరాది ద్వారం ఒకేచోట కలిశాయి. రెండు వైపులా తెలిసిన పనివాళ్లు గానీ, రెండు వైపులా తిరిగిన దాతలు గానీ ఉంటేనే ఇలాంటి కలయిక వస్తుంది. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం భారతీయ తొలి బౌద్ధ కళపై పెట్టిన ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలకు చోటు దొరకడానికి ఈ ప్రత్యేకత కూడా ఒక కారణం.

## కుండలో ఏముంది

2024లో దొరికిన కుండ పెద్దదేమీ కాదు. గుండ్రటి మట్టికుండ, వ్యాసం 16.7 సెంటీమీటర్లు, ఎత్తు 15 సెంటీమీటర్లు. మూతి మీద బయటివైపు లోతు తక్కువున్న పాత్ర ఒకటి బోర్లించి ఉంది. లోపలివైపు పగిలిన గిన్నె అడుగు ముక్కతో మూసి ఉంది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు చిన్న గుండ్రాలను నిలువు అడ్డం గీతలతో కలిపిన ముద్ర. సగటు బరువు 2.3 గ్రాములు. మొత్తం కలిపితే ఎనిమిదిన్నర కిలోల చిల్లర.

చిల్లర అన్న మాట ఇక్కడ కావాలనే వాడాల్సి వస్తోంది. సీసం విలువైన లోహం కాదు. 327 డిగ్రీల వేడికే కరిగిపోతుంది, మెత్తన, తొందరగా అరిగిపోతుంది. శాతవాహనులు, వారి తర్వాత కృష్ణా లోయను ఏలిన ఇక్ష్వాకులు దాన్ని రోజువారీ లావాదేవీల డబ్బుగా చలామణీ చేశారు. పెద్ద మొత్తాలకు వెండి ఉండేది, దూరదేశ వ్యాపారంలో రోమన్ బంగారు నాణేలు తిరిగేవి. ఉప్పు, నూనె, కుండలు, కూలి లాంటివాటికి సీసం. సీసం కొంత సముద్రం దాటి కూడా వచ్చేది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నౌకాయాన వివరణలో మన పడమటి రేవులకు దిగుమతయ్యే సరుకుల్లో సీసం పేరుంది. తెలంగాణలోనే పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. కాబట్టి 3,730 అన్న అంకె చూసి రాజుగారి ఖజానా అనుకోనక్కర్లేదు. ఇది చేతులు మారుతూ తిరిగిన డబ్బు.

మరి ఆరామంలో ఎందుకుంది? భిక్షువు బంగారం, వెండి ముట్టకూడదన్నది పాత నియమం. కానీ భిక్షువులంతా కలిసిన సంఘానికి ఆస్తి ఉండేది, ఆదాయమూ ఉండేది. దీనికి పడమటి దక్కన్ శాసనాల్లో స్పష్టమైన ఉదాహరణ ఉంది. నాసిక్ గుహలో క్షత్రప రాజు నహపాణుడి అల్లుడు ఉషవదాతుడి శాసనం ప్రకారం అతను 3,000 కార్షాపణాలు (నాటి వెండి నాణేలు) శాశ్వత నిధిగా ఇచ్చాడు. అందులో 2,000 ఒక నేతగాళ్ల శ్రేణి, అంటే వృత్తిసంఘం దగ్గర నెలకు నూటికి 1 వడ్డీకి, మిగతా 1,000 ఇంకో నేతగాళ్ల శ్రేణి దగ్గర నూటికి ముప్పావు వడ్డీకి పెట్టారు. అసలు కదపకూడదు. వడ్డీతో వర్షావాసంలో ఉండే భిక్షువులకు బట్టలు, చిల్లర ఖర్చులు. దీన్ని అక్షయనీవి అనేవారు. నేటి భాషలో ఫిక్స్‌డ్ డిపాజిట్.

ఫణిగిరి కుండ కూడా ఇలాంటి సంఘం ఖర్చుల డబ్బు అయి ఉండొచ్చు. మరమ్మతుల కూలీలకు ఇవ్వడానికి ఉంచింది కావచ్చు. గుట్టమీద భద్రంగా ఉంటుందని కింది వ్యాపారి ఎవరైనా దాచుకుని ఉండవచ్చు. ఏదో భయంతో పాతిపెట్టి మళ్లీ తీసుకోలేకపోయిన మొత్తమూ కావచ్చు. వీటిలో మొదటిదానికే బలం ఎక్కువ. కుండ దొరికింది భిక్షువుల నివాస భాగంలో. పైగా నాణేలన్నీ ఒకే తీరువి. అటూ ఇటూ తిరిగే వ్యాపారి సంచిలో రకరకాల ముద్రలు కలగలిసి ఉండటం సహజం. ఒకే ముద్ర ఇన్ని వేలు ఒకచోట చేరాయంటే ఒకే ప్రాంతంలో, తక్కువ కాలంలో పోగైన డబ్బు అనుకోవడం సబబు.

ఈ నాణేలను క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలానివిగా తేల్చారు. ఎలా తేల్చారన్నది ముఖ్యం. కొయ్యకో బొగ్గుకో చేసే కార్బన్ పరీక్ష సీసానికి కుదరదు. కుండ ఏ మట్టిపొరలో ఉంది, ఆ పొరలో ఇంకేం ఉన్నాయి, ముద్ర ఏ తరహాది అన్నదాన్ని బట్టే కాలం చెప్పగలరు. అదే కుండను రాత్రిపూట ఎవరో పారతో పెకిలించి తీసుకెళ్లి ఉంటే, 3,730 నాణేలూ చేతిలో ఉన్నా ఈ విషయాల్లో ఒక్కటీ తెలిసేది కాదు.

## రాజు కాలం చెప్పిన వైద్యుడు

ఫణిగిరి చరిత్రకు మరో ఆధారం శాసనాలు. వాటిలో ముఖ్యమైనది ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో వేసింది. ఒక ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించిన సంగతి అందులో ఉంది. దాత రాజు కాదు, ప్రధాన వైద్యుడు.

దీని వల్ల రెండు విషయాలు తెలిశాయి. రుద్రపురుషదత్తుడు ఇక్ష్వాకు వంశపు చివరి రాజుల్లో ఒకడు. ఆయన పాలన అంతకుముందు అనుకున్నదానికంటే ఎక్కువకాలం సాగిందని ఈ శాసనం చూపింది. రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ లోయ, ఇక్కడికి నేరుగా దాదాపు 100 కిలోమీటర్లు. అంత దూరంలోని గుట్టమీద రాజు పాలనా సంవత్సరాన్ని లెక్కగట్టి శాసనం వేశారంటే, పాలన చివరి రోజుల్లో కూడా ఈ ప్రాంతం ఆ రాజ్యం నీడలోనే ఉంది.

రెండో విషయం దాతల గురించి. ఇక్ష్వాకు రాజుల్లో మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. బౌద్ధ కట్టడాలకు ఆ ఇంటి ఆడవాళ్లు ఎక్కువగా దానాలు చేశారు. నాగార్జునకొండ మహాచైత్యానికి ముఖ్య దాత ఆయన తోబుట్టువు చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక, అంటే ఇల్లు వదలని బౌద్ధ భక్తురాలు, చేసిన దానాల జాబితా కూడా ఒక శాసనంలో పొడవుగా ఉంది. రాజు యాగం చేస్తే, రాణులూ వైద్యులూ వ్యాపారులూ ఉపాసికలూ విహారాలు కట్టారు. ఇప్పుడు మనం గీసే మత సరిహద్దులతో ఆ కాలాన్ని చూస్తే ఇది అర్థం కాదు. ఒకే ఇంట్లో రెండు ఆచారాలు గొడవ లేకుండా నడిచాయి.

## ఆరామం ఎందుకు ఖాళీ అయింది

'బౌద్ధాన్ని తరిమేశారు' అన్నది తరచూ వినిపించే ఒక్కమాట జవాబు. నల్గొండ సీమ ఆధారాలు అంత సూటిగా లేవు. ఇక్ష్వాకులు పోయిన తర్వాత, 5వ శతాబ్దంలో విష్ణుకుండి రాజు గోవిందవర్మ తన రాణి కట్టించిన బౌద్ధ మహావిహారానికి గ్రామాలు దానం చేశాడు. ఆ దానం రాసిన రాగిరేకులు దొరికింది తుమ్మలగూడెంలో, అంటే నాటి ఇంద్రపాలనగరంలో. అది కూడా పాత నల్గొండ జిల్లానే. కాబట్టి ఫణిగిరి మూగబోయాక కూడా ఈ ప్రాంతంలో బౌద్ధానికి రాజాదరణ దొరికింది.

మారింది ఆదరించే పద్ధతి. ఫణిగిరి రోజుల్లో స్తంభం ఒకరు, చక్రం ఒకరు, భిక్ష ఊరంతా. తుమ్మలగూడెం నాటికి రాజు గ్రామాలు రాసిచ్చాడు. మొదటి పద్ధతికి చేతిలో డబ్బు ఆడే వ్యాపారులు, వృత్తుల వాళ్లు చాలామంది కావాలి. రెండోదానికి ఒక రాజు చాలు. రోమ్‌తో సముద్ర వ్యాపారం తగ్గి, బాట మీద బండ్లు పలచబడి, సీసపు నాణేల చలామణీ పోయాక మొదటి పద్ధతి మీద నిలిచిన చిన్న ఆరామాలకు ఊపిరాడలేదు. రాజధానికి దగ్గరున్న పెద్ద విహారాలకు భూదానాలు దక్కాయి. దూరంగా గుట్టమీదున్న ఫణిగిరికి ఆ అవకాశం తక్కువ. ఇక్ష్వాకుల చివరి రాజు కాలపు శాసనం, అదే కాలపు నాణేల కుండ, ఆ తర్వాత నిశ్శబ్దం. ఈ వరసకు రాజకీయ పతనం, వ్యాపార పతనం రెండూ కలిసిన కారణమే ఎక్కువగా సరిపోతుంది.

ఈ క్షీణత ఒక్క ఫణిగిరిదే కాదు. 7వ శతాబ్దంలో ధాన్యకటకం, అంటే అమరావతి ప్రాంతం, చూసిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ అక్కడి సంఘారామాల్లో చాలావరకు పాడుబడ్డాయని, సుమారు ఇరవై మాత్రమే నడుస్తున్నాయని రాశాడు.

## మూడు చోట్లు, మూడు గతులు

ఒకే రాయి, దాదాపు ఒకే శిల్పశైలి ఉన్న మూడు చోట్లకు తర్వాత ఏమైందో పక్కపక్కన పెట్టి చూస్తే ఫణిగిరి విలువ తెలుస్తుంది.

అమరావతి పల్లంలో, నది ఒడ్డున ఉంది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లేసరికే జమీందారు కొత్త పట్నం కడుతూ స్తూపం రాళ్లు వాడుకుంటున్నాడు. సున్నపురాయి శిల్పానికి ఎంత బాగుంటుందో సున్నపుబట్టీకి కూడా అంతే బాగుంటుంది. ఎన్నో ఫలకాలు కాలి గోడల పూత అయిపోయాయి. మిగిలినవాటిలో మంచివి మద్రాసు మ్యూజియానికి, లండన్‌కు చేరాయి. అమరావతిలో నిలబడినవాడికి ఇప్పుడు కనిపించేది దిబ్బ. ఆ శిల్పంలో మంచివి చూడాలంటే చెన్నై మ్యూజియానికో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి.

నాగార్జునకొండ కథ వేరు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీద తిరిగి పేర్చారు, మ్యూజియం కట్టారు. అప్పటి దేశ అవసరం ముందు అంతకుమించి చేయగలిగింది తక్కువే. కానీ విజయపురి వీధులు, రేవు, ఇళ్లు ఉన్న నేల నీళ్ల కిందికి పోయింది. కొండ దీవి అయింది. వస్తువు దక్కింది, చోటు పోయింది.

ఫణిగిరిని ఇంకా ఈ రెండూ తాకలేదు. ఎత్తు వల్ల మునగలేదు. పెద్ద పట్నానికి దూరం కాబట్టి రాళ్లు పెద్దఎత్తున తరలిపోలేదు. కూలిన ఇటుక, మట్టి కింద శిల్పాలు కప్పబడిపోయాయి. గుట్టమీద స్తూపం పునాది, మెట్లు, గదులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద ఊరు ఉంది. పక్కన వాగు పారుతోంది. శిల్పం, కట్టడం, ఊరు, నీరు నాలుగూ ఒక్క చూపులో అందే చోటు కృష్ణా లోయ బౌద్ధంలో ఎక్కువ మిగల్లేదు.

## ఇప్పుడు ఏం తేలాలి

తవ్వకాల్లో దొరికినవాటిలో ముఖ్యమైనవి రాష్ట్ర వారసత్వ శాఖ దగ్గర ఉన్నాయి. వాటి భద్రత చూస్తే అది అవసరమే. సున్నపురాయి వానకు కరుగుతుంది, గచ్చు రాలుతుంది, బయట వదిలితే దొంగల పాలవుతుంది. అయితే చెక్కిన రాయి ఊరు దాటిన కొద్దీ ఆ ఊరివాళ్లకు గుట్టతో సంబంధం పలచబడుతుంది. ఇక్కడికి వచ్చినవాళ్లకు ఇటుక గోడలు, మెట్లు తప్ప చూడటానికి ఏమీ కనిపించదు. గుట్ట పాదంలోనే తాళం, కాపలా, గాలి తేమ అదుపు ఉన్న గట్టి ప్రదర్శనశాల ఉండాలన్న వాదనకు బలం ఇక్కడే ఉంది. అసలు శిల్పాల్లో కొన్నిటికి అక్కడ చోటు, మిగతావాటికి నమ్మకమైన నకళ్లు, ఏది ఏ గదిలో దొరికిందో చూపే పటం. నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల్లో కట్టిన బుద్ధవనం 2022లో మొదలైంది. యాత్రికులు అక్కడిదాకా వస్తున్నప్పుడు అసలైన ఆరామం ఉన్న ఫణిగిరిని, దాని చుట్టూ ఉన్న చిన్న చోట్లను ఒకే దారిలో కలపడం అసాధ్యమేమీ కాదు.

గుప్తనిధుల మాట కూడా తేలాలి. నాణేల వార్త తర్వాత పాత గుట్టలు, గుళ్ల దగ్గర రాత్రి తవ్వకాల మీద ఆశ పెంచుకునేవాళ్లు ఉంటారు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, 10 రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలపాలి. రక్షిత కట్టడాల దగ్గర సొంతంగా తవ్వడం నేరం. రాష్ట్రానికి 2017లో ప్రత్యేక వారసత్వ చట్టమూ వచ్చింది. చట్టం కంటే ముందు ఒక లెక్క చూసుకోవాలి. ఎనిమిదిన్నర కిలోల సీసాన్ని పాత ఇనుప సామాన్ల కొట్టులో అమ్మితే వచ్చేది కొద్ది వేలు కూడా ఉండదు. అదే కుండ తన పొరలో ఉన్నప్పుడు ఒక రాజ్యపు చివరి దశాబ్దాల ఆర్థిక స్థితిని చెబుతుంది.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ కిందనే ఉంది. ఇప్పటిదాకా తవ్వకం ఎక్కువగా గుట్టమీద సాగింది. భిక్ష పెట్టిన ఇళ్లు, బండ్లు దించిన చోటు, శిల్పులు రాయి చెక్కిన పని స్థలం కింది చెలకల్లోనో, ఇప్పటి ఇళ్ల కిందనో ఉండాలి. ఆ నేల ఏటా కదులుతోంది. ఇంటి పునాది, బోరు, జేసీబీతో చదును, ఏదైనా చాలు పొర చెదిరిపోవడానికి. శాతవాహన, ఇక్ష్వాకుల కాలపు ఇటుకను గుర్తుపట్టడం కష్టం కాదు. మామూలు ఇటుకకు రెండింతల సైజు, అడుగున్నర దాకా పొడవు, వెడల్పూ బరువూ ఎక్కువే. నలుపు ఎరుపు రంగుల పెంకులు, శంఖపు గాజు ముక్కలు, రంగురాళ్ల పూసలు కూడా అలాంటి గుర్తులే. పునాది తవ్వేటప్పుడు ఇవి కనిపిస్తే పని ఒక రోజు ఆపి, ఫోన్‌లో ఫొటో తీసి, పంచాయతీ ద్వారా వారసత్వ శాఖకు చెప్పే ఏర్పాటు ఊళ్లో ఉండాలి. ఆపిన రోజు కూలి ఎవరిస్తారన్నది కూడా అందులోనే తేల్చాలి. ఆ నష్టం ఇంటి యజమాని మీద పడితే ఎవరూ చెప్పరు.